అబ్బాయి బ్లాక్‌చెయిన్ అంటున్నాడు, 85 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు కళాశాలలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. బ్లాక్‌చెయిన్‌లో స్మార్ట్ కాంట్రాక్టు ఖాతాలను స్క్రిప్టులతో నడపడం నేర్చుకుంటున్నానని ఆరు నెలలుగా రాత్రిళ్లు మేలుకుంటున్నాడు, ప్లేస్‌మెంట్ శిక్షణకు మాత్రం వెళ్లడం లేదు. తిరుపతిలో ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల కోర్సుకు 85 వేలు అడుగుతూ, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. వాడి అమ్మ డ్వాక్రాలో అప్పు తీసుకుందామంటోంది. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మేలా, ఇది మేలా? ఇదంతా బిట్‌కాయిన్ జూదమని మా బావమరిది అంటున్నాడు. వాడు నిద్రపోయాక ఫోను కూడా చూశాను, ఏమీ అర్థం కాలేదు.
– ఒక తండ్రి

జవాబు: కోర్సు పేరు మారుతుందే గానీ ఈ ఉత్తరం నాకు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటుంది. మీ బావమరిది మాటను చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని నాకనిపిస్తోంది కాబట్టి ముందుగా దానికే సమాధానం చెబుతాను.

మీ ఇంట్లో డ్వాక్రా సభ్యురాలు ఉన్నారు కనుక అబ్బాయి చేస్తున్న పని మీకు త్వరగానే బోధపడుతుంది. సంఘం ఖాతాలోంచి డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు. తీర్మానం రాయాలి, లీడర్లిద్దరూ సంతకాలు చేయాలి. బ్లాక్‌చెయిన్ అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి రాసుకునే లెక్కల పుస్తకం. ఇథీరియం వంటి బ్లాక్‌చెయిన్‌లో మామూలు ఖాతాకు ప్రైవేట్ కీ అనే రహస్య సంఖ్య ఒక్కటే ఆధారం. అది ఎవరికి దొరికితే డబ్బు వారిదైపోతుంది. స్మార్ట్ కాంట్రాక్టు ఖాతాకు తనదంటూ అలాంటి కీ ఉండదు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే సొమ్ము కదలాలి, రోజుకు ఇంతకు మించి పోకూడదు అనే నియమాలను ప్రోగ్రాముగా రాసి ఆ ఖాతాలోనే ఉంచుతారు. ఇలాంటి ఖాతాలు యాభై ఉన్న సంస్థలో ఎవరూ ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చోలేరు కాబట్టి, నిల్వలు సరిచూడడం, చెల్లింపులను సంతకాలకు సిద్ధం చేయడం, వెళ్లిపోయిన ఉద్యోగి పేరును సంతకదారుల జాబితా నుంచి తీసేయడం వంటి పనులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంటారు. మీ అబ్బాయి స్క్రిప్టులంటున్నవి అవే. ఇందులో జూదం లేదు. నిజానికి ఇది గుమాస్తా పనికీ ఆడిటరు పనికీ దగ్గరగా ఉంటుంది.

అయినా అనుమానం తీరకపోతే దొంగచాటుగా ఫోను చూడనక్కర్లేదు, ఏ నెట్‌వర్క్ మీద పని చేస్తున్నావో చూపించమని వాడినే అడగండి. చెయిన్ ఐడీ అన్నచోట 11155111 అని ఉంటే అది సెపోలియా అనే పరీక్షా నెట్‌వర్క్, అక్కడి నాణేలకు మార్కెట్లో విలువ లేదు. 1 అని ఉంటే అది అసలు ఇథీరియం. అప్పుడు ఎవరి డబ్బుతో పని చేస్తున్నావని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ఇక ఈ దారి మీద నాకున్న సందేహాలు చెప్పాలి. ఈ పనిలో పొరపాటు జరిగితే వెనక్కి తీసుకోవడానికి బ్యాంకు మేనేజరు ఉండడు. 2022లో ఆప్టిమిజం అనే నెట్‌వర్క్ వాళ్లు వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థకు 2 కోట్ల టోకెన్లు, అంటే తమ నెట్‌వర్క్ డిజిటల్ నాణేలు, పంపారు. ఆ సంస్థ ఇచ్చిన చిరునామా ఇథీరియంలో తనకున్న కాంట్రాక్టు ఖాతాది. ఆప్టిమిజంలో ఆ చిరునామా మీద ఇంకా ఏ ఖాతానూ నెలకొల్పలేదు. మామూలు ఖాతా అయితే అదే కీతో రెండుచోట్లా తెరుచుకునేది. కాంట్రాక్టు ఖాతా చిరునామా మాత్రం దాన్ని సృష్టించినది ఎవరు, అంతకు ముందు ఎన్ని సృష్టించారు అనే లెక్క మీద ఆధారపడి ఉండడంతో, ఎవరో అపరిచితుడు అదే లెక్కను ఆ నెట్‌వర్క్‌లో వరుసగా నడిపించి, సరిగ్గా ఆ చిరునామా మీదే ఖాతా తెరిచి టోకెన్లను చేజిక్కించుకున్నాడు. చాలా భాగం తర్వాత తిరిగి వచ్చింది, అది అతని దయ. అనుభవజ్ఞులకే ఇలా జరిగే చోట, ఇరవై ఏళ్ల కుర్రవాడికి మొదటి రోజునే ఖజానా అప్పగించే సంస్థ ఉంటే ఆ సంస్థనే నేను శంకిస్తాను.

రెండో సందేహం పనిముట్ల గురించి. స్మార్ట్ ఖాతాలకు ఊపు తెచ్చిన ఈఆర్‌సీ-4337 పద్ధతి 2023 మార్చిలో అమల్లోకి వచ్చింది. 2025 మేలో ఇథీరియంలో వచ్చిన పెక్ట్రా అనే మార్పుతో మామూలు ఖాతా కూడా కాంట్రాక్టు కోడ్‌ను వాడుకునే వీలు కలిగింది. అచ్చు వేసిన సిలబస్ ఈ వేగాన్ని అందుకోలేదు. పైగా ఈ రంగంలో కొన్ని సంస్థలు జీతం బదులు టోకెన్లు ఇస్తామంటాయి. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి వాటి అమ్మకపు లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒకదాని మీద వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. ఇంటర్వ్యూ పరీక్ష పేరుతో ఒక ప్రాజెక్టు పంపి, దాన్ని లాప్‌టాప్‌లో నడపగానే కీలు దోచుకునే మోసాలు కూడా జరుగుతున్నాయి, అబ్బాయిని హెచ్చరించండి.

ఇప్పుడు మీ సంగతి. డ్వాక్రా అప్పు పది మంది ఆడవాళ్ల పరపతి మీద వచ్చేది; ఒక వాయిదా తప్పితే మీ ఆవిడ సంఘంలో తల ఎత్తుకోలేరు. ఆ డబ్బును "గ్యారంటీ" అనే ఒక్క నోటిమాటకు రాసిచ్చే ముందు, ఆ మాటను కాగితం మీద పెట్టమని మీరెందుకు అడగలేదు? నలభై రూపాయల టమోటాకు బేరమాడే మనం 85 వేల దగ్గర మొహమాటపడతాం. బావమరిది చెబితే నమ్మారు, శిక్షణ సంస్థ చెబితే నమ్మారు, ఆరు నెలలుగా మేలుకుని కూర్చున్న కొడుకును మాత్రం పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగలేదు. కఠినంగా అంటున్నానని బాధపడకండి, నా దగ్గరికి వచ్చే తండ్రుల్లో ఎక్కువ మంది చేసేది ఇదే.

ఏది మేలని అడిగారు. ఈ రెండు దారుల్లో ఒకదాన్ని ఇప్పుడే వదులుకోవలసిన పని లేదు. మామూలు ఉద్యోగంలో మొదట జీతం తక్కువైనా నెల తిరిగేసరికి ఖాతాలో పడుతుంది, పక్కన పెద్దవాళ్లుండి తప్పులు దిద్దుతారు. సాయంత్రాలు ఈ పని కొనసాగించవచ్చు; సొలిడిటీ అనే ప్రోగ్రామింగ్ భాషకూ, ఫౌండ్రీ, హార్డ్‌హ్యాట్ వంటి పనిముట్లకూ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. వాడు నేర్చుకున్నదీ వృథా పోదు. డబ్బును తాకే ప్రోగ్రామును ముందు నమూనాగా నడిపి, ఫలితం చదివి, ఆ తర్వాతే అసలుగా పంపే క్రమశిక్షణ బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కూ కావలసిందే. ఎవరూ తరమకుండానే ఆరు నెలలు ఒకే పని పట్టుకున్న పిల్లవాడి గురించి నేనైతే దిగులు పడను.

ఈ ఆదివారం ఒక గంట వాడి పక్కన కూర్చోండి. ఫౌండ్రీ వాడుతుంటే ఒక స్క్రిప్టు నడిపి చూపించమనండి. బ్రాడ్‌కాస్ట్ అనే మాట చేర్చకుండా నడిపితే అది నమూనా పరుగే, ఏమీ బయటికి పోదు. చేర్చే ముందు వాడు ఆగి అంకెలు చదువుతున్నాడో లేదో మీరే చూస్తారు. ప్రైవేట్ కీ ఎక్కడ దాచావని కూడా అడగండి. స్క్రిప్టులోనే రాసి, ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో పెట్టి ఉంటే, తర్వాత చెరిపినా పాత ప్రతుల్లో అది మిగిలే ఉంటుంది. ఆ కీని పూర్తిగా వదిలేసి కొత్తది చేసుకోమనండి. సోమవారం నుంచి ప్లేస్‌మెంట్ శిక్షణకు వెళ్లాలన్న షరతు పెట్టండి, అప్పు మాటను సంఘం సమావేశానికి తీసుకెళ్లవద్దని మీ ఆవిడకు చెప్పండి.