అడవి అంచున చేను కొన్న మేనకోడలికి

చిట్టితల్లికి, అత్త దీవెనలు.

నువ్వు ఉద్యోగం మానేసి నల్లమల అంచున నాలుగెకరాలు తీసుకున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. మందు కొట్టని తిండి పండిస్తావట, అడవి జీవాలను తరమకుండా సేద్యం చేస్తావట. వాడి గొంతు నిండా దిగులే. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. మన ఇంట్లో మట్టి వదిలి పోయినవాళ్లే గాని, తిరిగొచ్చినవాళ్లు లేరు. రాత్రి పడుకున్నాక నాకూ భయం పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మట్టి పరీక్ష చేయించు. గట్లు వేయించు. బావికి పిట్టగోడ కట్టించు, చీకట్లో దుప్పులూ పడతాయి, మనుషులూ పడతారు. మొదటి ఏడు ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేసుకో. వాన మొండికేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది. పురుగుకు వేపగింజల కషాయం చాలు. 5 కిలోల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లు అయ్యేలా నీళ్లు కలుపు. కొట్టేది సాయంత్రం పూటే. ఎండకు దాని పస పోతుంది, పైగా తేనెటీగలు అప్పటికి గూటికి చేరుకుంటాయి. కందిలో అక్కడక్కడ కర్రలు పాతి అడ్డపుల్ల కట్టు, పసులపోలిగాడు పిట్ట వాలి పురుగులేరుకుంటుంది. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నా భయమంతా కంచె దగ్గరే ఉంది.

నీ చేను పండాక అడవి పందులు వస్తాయి. రాత్రికి రాత్రి ట్రాక్టరు తిరిగినట్టు పెళ్లగించి పోతాయి. పొద్దున్నే గట్టు మీద నిలబడి చూస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సరిగ్గా ఆ రోజే ఎవరో ఒకరు వచ్చి, "తీగ లాగి కరెంటు పెట్టమ్మా, ఇక్కడ అందరూ చేసేదే" అంటారు. మంచివాళ్లే అంటారు. మీ మామకూ అలాగే చెప్పారు.

మీ మామ కుడిచేతి రెండు వేళ్లు ముడిచేవాడు కాదు, గుర్తుందా? నూర్పిడి మిషన్లో పడ్డాయని పిల్లలందరికీ చెప్పాం. మిషను కాదమ్మా. ఆయన బతికున్నన్నాళ్లూ ఈ మాట ఎత్తనివ్వలేదు. ఇప్పుడు నువ్వు అడవి పక్కన చేను కొన్నావు కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడు శనక్కాయ ఊడ దిగి, కాయ పాలు పోసుకుంటోంది. పందులు రెండు మడకల చేను తవ్వేశాయి. అప్పు తెచ్చిన పెట్టుబడి అది. ఆయన బోరు మోటారు స్టార్టరు పెట్టెలోంచి ఒక ఫేజు తీసి, మోకాలెత్తున చేను చుట్టూ ఉత్త తీగ లాగాడు. పొద్దుగూకాక వేసి, కోడి కూయకముందే తీసేసేవాడు. ఆ స్విచ్చు ఇంకెవరూ ముట్టకూడదని కట్టడి. అంత జాగ్రత్త ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు.

పందులు ఒక్కటీ పడలేదు. మొదట ఒక ముంగిస చచ్చింది. తర్వాత అలుగు. అలుగును నువ్వు చూశావో లేదో, ఒళ్లంతా పెంకులు, చెదలూ చీమలూ తిని బతుకుతుంది, రైతుకు దాని వల్ల మేలే గాని కీడు లేదు. భయపడితే ఉండలా చుట్టుకుంటుంది. షాకు తగిలి అలాగే చుట్టుకుంది, తీగ దాని కడుపు మడతలో ఇరుక్కుపోయింది. విడదీయడానికి తీగ తెంచాల్సి వచ్చింది. పెంకుల సందుల్లో ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. అప్పుడైనా ఆగాల్సింది, ఆయన ఆగలేదు. పాతిపెట్టి వచ్చి తీగ అతికించాడు.

ఒక రాత్రి కరెంటు పోయింది. రాదులే అని స్విచ్చు తియ్యకుండానే ఇంటికొచ్చి పడుకున్నాడు. సేద్యం కరెంటుకు వేళాపాళా ఎక్కడిది? తెల్లారుజామున వచ్చేసింది. ఆయన చేనికి చేరేసరికి పలుపు తెంపుకున్న ఎద్దు తీగ మీద పడి కొట్టుకుంటోంది. దూడగా ఉన్నప్పటి నుంచి చేతులతో పెంచిన ఎద్దు. అరుపు వినగానే ఈయనకు ఇంకేమీ తోచలేదు, పరుగెత్తి మంచుకు తడిసిన పలుపు పట్టుకున్నాడు. లైను కరెంటు పట్టుకున్న చేతిని వదలనివ్వదు, పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది. పక్క చేను రైతు స్టార్టరు దగ్గరికి ఉరికి ఫ్యూజు లాగబట్టి మనిషి దక్కాడు. ఎద్దు దక్కలేదు. ఆ మరుసటి రాత్రే పందులు వాగు వైపు నుంచి వచ్చి మిగిలిన శనక్కాయ తిని పోయాయి.

ఎద్దు బదులు ఎవరి బిడ్డో గడ్డికి వచ్చి ఉంటే? నేనింకా ఆ ఆలోచన దగ్గరికి పోలేను తల్లీ. చట్టం సంగతీ చెబుతాను. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇలా జీవాన్ని చంపడం వేటతో సమానం. పులి లాంటిది పడితే కనీసం 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా జైలు. కానీ జైలుకు భయపడి మానెయ్యమని నేను రాయడం లేదు.

కంచె కావాలంటే సోలార్ కంచె పెట్టుకో. అది బ్యాటరీ మీద నడుస్తుంది. తీగలో కరెంటు ఆగకుండా పారదు, సుమారు క్షణానికొకసారి చిన్న దెబ్బలా వచ్చి పోతుంది. జీవం ఉలిక్కిపడి వెనక్కి తగ్గుతుంది, అతుక్కుపోదు. బండి బ్యాటరీకి, ఇంటి లైనుకు సొంతంగా తగిలించి "ఇదీ అదే" అనే మెకానిక్కును గడప తొక్కనివ్వకు. తీగ కింద గడ్డి ఎప్పటికప్పుడు కోయించు, గడ్డి తగిలితే దెబ్బ నేలలోకే పోతుంది. ఎర్తు కడ్డీ దగ్గర ఎండాకాలం నీళ్లు పోస్తుండు. నేల నుంచి అడుగు ఎత్తు కంటే కిందికి మాత్రం తీగ కట్టొద్దు. అలుగులూ తాబేళ్లూ ఆ కంచెకు కూడా చస్తాయి, చుట్టుకున్నవి ఆ చిన్న దెబ్బలే పదే పదే తిని.

శనక్కాయ వేస్తే చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వెయ్యి, ముళ్లకు పంది జంకుతుంది. మొక్కజొన్నకైతే ఆముదం. కొంత పోతుంది, పోనీ. అడవి పక్కన సేద్యం చేస్తూ గింజ కూడా పోకూడదంటే కుదరదు. పండేదాంట్లో వాటి వంతు ముందే తీసేసి లెక్క వేసుకో, అప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతుంది. మరీ నష్టమైతే ఫోటోలు తీసి అటవీశాఖకు అర్జీ పెట్టు.

ఆవును కూడా తెచ్చుకుంటావట. సంతోషం. నా చిన్నప్పుడు ఊరి బయట పశువు చచ్చిందంటే మధ్యాహ్నానికల్లా ఆకాశం రాబందులతో నల్లబడేది. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. మేము పిల్లలం దూరంగా నిలబడి వాటి కొట్లాట చూసేవాళ్లం. 1990ల నుంచి తెల్లవీపు రాబందుల్లో 100కి 99 పోయాయి. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, తిన్న పక్షి మూత్రపిండాలు పాడయ్యాయి. 2006లో పశువులకు ఆ మందు ఆపేశారు, 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా. మీ ఆవుకు జ్వరమొస్తే డాక్టరు ఏం గుచ్చుతున్నాడో అడుగు. మెలాక్సికామ్ అయితే వెయ్యనివ్వు. నువ్వు అడగడానికి సిగ్గుపడతావు, నాకు తెలుసు. అడుగు.

ఇక పాములు. కనిపించిన ప్రతిదాన్నీ కొట్టించకు, జెర్రిపోతు ఎలుకల్ని తింటుంది, దానికి విషం లేదు. కట్లపాముతో మాత్రం జాగ్రత్త. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, మంత్రగాడి దగ్గరికి పోవద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి పో. ఏ ఆసుపత్రిలో పాము విషానికి సూది ఉందో అక్కడికి మకాం మార్చకముందే కనుక్కుని, గోడ మీద రాసి పెట్టు.

నేల మీద చాప వేసుకుని పడుకుంటానని మీ నాయనతో అన్నావట. బుద్ధుందా నీకు? ప్రకృతికి దగ్గరగా ఉండాలంటే మంచం మీద ఉండి కూడా ఉండొచ్చు. నా నవారు మంచం, దోమతెర ఆటోలో వేసుకుని వస్తున్నాను, తెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. మీ నాయనతో నేను మాట్లాడతాను, వాడి దిగులు నాకొదిలెయ్యి. కుసుమ విత్తనం నా దగ్గరే ఉంది, కొనకు.

మీ అత్త