కొల్లేటి తాటిదోనెను ఒకే చెట్టుతో చేస్తారా? దేనికి వాడేవారు?

అవును, ఒకటే మాను. తాటిమానుకు పైన చేవ, లోపలంతా మెత్తటి పీచు కాబట్టి తొలవడం తేలిక. ఉబ్బుగా ఉండే మొదలు ముందుభాగమవుతుంది. నరికిన రెండో కొస తెరుచుకునే ఉంటుంది కదా, అక్కడ బంకమట్టి దట్టిస్తారు. మట్టి నానిందా, నీళ్లు తోడుకోవాల్సిందే! ఒంటిదోనె ఇట్టే బోల్తా కొడుతుంది; బరువులు వేయాలంటే రెండు జతకట్టి సంగడి చేస్తారు.

కొల్లేరులో లోతు తక్కువ, కాబట్టి తెడ్డు కంటే వెదురు గెడే నయం. వల వేయడానికి, మావులు (చేపలు పట్టే బోనులు) ఎత్తడానికి, గడ్డిమోపులకు, వరదొస్తే లంక ఊళ్ల రాకపోకలకు దోనే దిక్కుగా ఉండేది. ఇప్పుడు చేపల చెరువుల్లో మేత సంచులు కట్టడానికి ఎక్కువగా రేకు, ఫైబర్ పడవలే తిరుగుతున్నాయి.