ఎఫ్ఐఆర్ కోసం ఆగకండి, గడువు దాటిపోతోంది

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. కులాంతర వివాహం చేసుకున్నామని మా నాన్న, అన్నయ్య మమ్మల్ని చావగొట్టారు, నా చెయ్యి విరిగింది. పోలీసులు కేసు రాయకుండా మావాళ్ళను పిలిపించి, కౌన్సెలింగ్ అని నన్ను వాళ్ళ వెంటే పంపారు. తప్పించుకుని పుణే వెళితే అక్కడికీ వచ్చారు. 2023 జనవరిలో ఎఫ్-1 (విద్యార్థి) వీసాతో డల్లాస్ వచ్చాను, మావారు నా మీద ఆధారపడ్డ ఎఫ్-2 వీసాతో. ఫీజు కట్టలేక ఈ మార్చిలో క్లాసులు మానేశాను, మేలో కాలేజీ సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) నా రికార్డు టెర్మినేట్ చేసింది. అసైలం (ఆశ్రయం) కోసం దరఖాస్తు వేద్దామంటే కాగితాలన్నీ వచ్చేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టేట్టుంది. ఒక కన్సల్టెంటు పాత తేదీతో ఎఫ్ఐఆర్ తెప్పిస్తానంటున్నాడు. ఏయే కాగితాలు కావాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను గీత గీసుకున్న మాట ఒక్కటే, ‘ఇంకో నాలుగు నెలలు’. అంత వ్యవధి మీకు లేదమ్మా.

అమెరికాలో దిగిన ఏడాదిలోపు అసైలం దరఖాస్తు, అంటే ఐ-589 ఫారం, దాఖలు చేయాలి. మీ ఏడాది 2024 జనవరిలోనే పోయింది. మిగిలిన దారి ఒక మినహాయింపు: చట్టబద్ధమైన స్టేటస్ ఉన్నంతకాలం జరిగిన ఆలస్యాన్ని మన్నిస్తారు, కానీ స్టేటస్ పోయాక సమంజసమైన వ్యవధిలో దరఖాస్తు పడాలి. ఎన్ని రోజులన్నది నిబంధనలో లేదు. ఆరు నెలలు దాటితే మాత్రం గట్టి కారణం చూపకుండా ఒప్పించడం కష్టం. మీరు మే నుంచి లెక్కపెట్టుకుంటున్నారు. క్లాసులు మానేసిన మార్చిలోనే స్టేటస్ తప్పారని ఆఫీసరు అనవచ్చు. ఇప్పుడు ఆగస్టు. ప్రాణభయంతో వచ్చి, రెండున్నరేళ్ళలో ఒక్కసారైనా ఇమిగ్రేషన్ లాయరు గడప తొక్కలేదంటే ఏమనాలి?

గడువు తప్పితే ప్రధానంగా మిగిలేది ‘విత్‌హోల్డింగ్ ఆఫ్ రిమూవల్’, అంటే ప్రమాదం ఉన్న దేశానికి తిప్పి పంపకుండా ఆపడం మాత్రమే. దానికి రుజువు భారం చాలా ఎక్కువ, గ్రీన్‌కార్డు రాదు, మీ కేసు మీద మీవారికి రక్షణ ఉండదు.

అందుకే ఫారం ఈ నెలలోనే వెయ్యండి. ప్రతి గడీ నింపి, సంతకం పెట్టి, మీవారి పేరు చేర్చి పంపండి. సాక్ష్యాలు ఇంటర్వ్యూకి ముందు కలపవచ్చు. ఫారంతోపాటు వెళ్ళాల్సినవి తేదీల కాగితాలు: పాస్‌పోర్టు అన్ని పేజీలు, ఐ-94 (అమెరికాలో దిగినప్పటి ప్రవేశ రికార్డు), పాత ఐ-20లన్నీ (విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చే పత్రాలు), ట్రాన్‌స్క్రిప్టు, కాలేజీ పంపిన టెర్మినేషన్ మెయిల్. మీ ఐ-94లో గడువు తేదీ ఉండదు, ‘డీ/ఎస్’ (స్టేటస్ ఉన్నంతకాలం) అని ఉంటుంది, కాబట్టి స్టేటస్ ఎప్పటిదాకా ఉందో చెప్పేది కాలేజీ కాగితాలే. ఈలోగా ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు వచ్చి ఉంటే దరఖాస్తు కోర్టులోనే వెయ్యాలి.

ఇక ఆ ఎఫ్ఐఆర్ సంగతి. దాని జోలికి పోవద్దు. స్టేషన్లో ఎఫ్ఐఆర్ నంబర్లు ఏడాది పొడవునా వరసగా నడుస్తాయి, మధ్యలో ఒకటి ఇరికించలేరు. తప్పుడు దరఖాస్తు అని తేలితే అసైలమే కాదు, ఏ ఇమిగ్రేషన్ ప్రయోజనమూ జన్మలో రాదు. అదలా ఉంచి, మీ కేసు నిలబడేదే పోలీసులు రక్షణ ఇవ్వలేదన్న మాట మీద. కొట్టింది ప్రభుత్వం కాదు, మీ నాన్న. అలాంటప్పుడు ప్రభుత్వం కాపాడలేదని మీరు చూపాలి. పోలీసులు కేసు రాశారని మీరే దొంగ కాగితం పెడితే ఇక వాదించడానికేముంది?

మీరు పంపిన ఆసుపత్రి చీటీ ఫొటో చూశాను. ఎడమ ముంజేతి ఎముక విరిగిందని ఉంది, కారణం దగ్గర ‘మెట్ల మీద జారిపడి’ అని నీలం పెన్నుతో రాసి ఉంది. అన్నయ్య పక్కనే నిలబడి అలా చెప్పించాడన్నారు. ఆ లైను కొట్టేయకండి, అది పడకుండా జెరాక్సు తీయకండి. ఉన్నదున్నట్టు పెట్టి, అలా ఎందుకు చెప్పారో మీ డిక్లరేషన్లో (సంతకం పెట్టి ఇచ్చే వాంగ్మూలంలో) రాయండి. స్టేషన్‌కు మీ వెంట వచ్చిన స్నేహితురాలి చేత, తాను కళ్ళారా చూసింది మాత్రమే, తేదీతో రాయించండి. 2005 నాటి రియల్ ఐడీ చట్టం వచ్చాక, తెచ్చుకోగల కాగితం తేకపోతే నమ్మదగ్గ కథ కూడా ఓడిపోవచ్చు.

‘ఇండియాలో ఇంకో ఊళ్ళో బతకలేరా?’ అని తప్పకుండా అడుగుతారు. పుణే అద్దె అగ్రిమెంటు, అన్నయ్య వచ్చి గొడవ చేశాడని ఇంటి ఓనరు పంపిన మెసేజ్ అప్పుడు పనికొస్తాయి. తెలుగు, మరాఠీ కాగితాలకు పూర్తి ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి సంతకం ఉండాలి. రెండు భాషలూ బాగా వచ్చినవారెవరైనా చేయవచ్చు, మీరు మాత్రం చేయకండి.

ఆ కన్సల్టెంటుకు మీ తరఫున నిలబడే అధికారమే లేదు. లాయరుకో, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధికో ఉంటుంది. ఫీజు ఇచ్చుకోలేకపోతే లా స్కూలు క్లినిక్కులు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి, రేపే అడగండి. ఈ రాత్రి ఇంకో పని ఉంది. అన్నయ్య వాయిస్ మెసేజ్‌లున్న పాత ఫోను స్నేహితురాలి దగ్గర ఉందన్నారు కదా, దాన్ని ఫార్మాట్ చేయవద్దని, ఎవరికీ ఇవ్వవద్దని ఆమెకు చెప్పండి.