ఆ మెట్ల కోసం మూడు లక్షల అప్పా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 52 వేలు వస్తుంది. ఖర్చులు, ఇంటికి పంపేది పోను నెలకు 14 వేలు మిగులుతుంది. ‘యువర్ నేమ్’, ‘స్లామ్ డంక్’ యానిమేల్లో (జపాన్ యానిమేషన్) కనిపించే చోట్లు జపాన్ వెళ్లి చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఏడు నెలల్లో, ఏప్రిల్‌లో సకురా (చెర్రీ పూలు) పూసేటప్పుడు వెళ్దామనుకుంటున్నా. 9 రోజుల ప్యాకేజీకి ఏజెంట్ 2.9 లక్షలు చెప్పాడు. 14 శాతం వడ్డీకి 3 లక్షల పర్సనల్ లోన్ వస్తుంది. తీసుకోమంటారా? క్రెడిట్ కార్డు మీద 38 వేల బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను.

జవాబు: అసలు సంగతి చివర్లో పెట్టారు. మినిమమ్ డ్యూ కడుతూ పోతే కార్డు వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం పడుతూనే ఉంటుంది. అంటే ఏడాదికి 40 శాతం పైమాటే. ముందు ఆ చిల్లు పూడ్చండి. కార్డు పక్కన పెట్టేసి, మిగిలే 14 వేలూ దానికే కడితే మూడు నెలల్లో తీరిపోతుంది.

ఇక లోన్. మూడేళ్లకు తీసుకుంటే నెలకు 10,250 చొప్పున, వడ్డీయే 69 వేలు దాటుతుంది. హైదరాబాద్ నుంచి టోక్యోకు రానుపోను టికెట్ అంతకంటే తక్కువకే దొరుకుతుంది. వద్దు.

ప్యాకేజీ కూడా వద్దంటాను. ఫుజి, క్యోటో తిప్పి తీసుకొచ్చే బస్సు మీ చోట్లకు వెళ్లదు. పైగా ఫారిన్ ప్యాకేజీ మీద టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. ఐటీ రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది కానీ, అందాకా మీ డబ్బు ఇరుక్కున్నట్టే.

మీరు చూడాలనుకునేవి చాలావరకు ఉచితం. ‘యువర్ నేమ్’ చివర్లో హీరో హీరోయిన్ కలిసే సుగా గుడి మెట్లు టోక్యోలోని యొత్సుయా స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, ఇళ్ల మధ్య సందులో ఉంటాయి. ‘స్లామ్ డంక్’లో సముద్రం ఒడ్డున కనిపించే లెవల్ క్రాసింగ్ కమకురకోకోమయె స్టేషన్ పక్కనే. అక్కడికి వెళ్లే ఎనోడెన్ రైలు ఒక రోజు పాస్ 800 యెన్‌లు, మన లెక్కలో 500 లోపే. (ఫొటో కోసం రోడ్డు మధ్యలో నిలబడకండి. అక్కడి వాళ్లు ఇప్పటికే విసిగిపోయి ఉన్నారు.)

ఖర్చయ్యేది ‘యువర్ నేమ్’లో కనిపించే కొండల ఊరు హిదా ఫురుకవా. టోక్యో నుంచి నగోయా మీదుగా రానుపోను సుమారు 35 వేల యెన్‌లు, అంటే 21 వేల రూపాయలు. జపాన్ అంతా రైళ్లలో తిరిగేందుకు టూరిస్టులు కొనే ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబరులో 29,650 నుంచి 50 వేల యెన్‌లకు పెరిగింది. పాత వీడియోలు చూసి అది కొన్నారో, టికెట్ కంటే ఎక్కువ పెట్టిన 15 వేల యెన్‌లు, అంటే తొమ్మిది వేల రూపాయలు గోవిందా.

సొంతంగా బుక్ చేసుకుంటే నా అంచనా ఇది: విమానం 55 వేలు, బిజినెస్ హోటళ్లు (అక్కడ చిన్న గదుల చౌక హోటళ్లు) 40 వేలు, రైళ్లు 30 వేలు, తిండి 20 వేలు, వీసా, ఇన్సూరెన్స్, సిమ్, చిల్లర మల్లర 30 వేలు. మొత్తం లక్షా 75 వేలు. ఇది సకురా సీజన్ కాని రోజుల లెక్క. సకురా టైములో హోటళ్ల రేట్లు చుక్కలు చూపిస్తాయి.

కాబట్టి ఏప్రిల్ వదిలేసి, ఆ తర్వాత వచ్చే అక్టోబరుకు జరపండి. ‘యువర్ నేమ్’లో తోకచుక్క వచ్చేదీ అక్టోబరులోనే కదా! ఇంకా 13 నెలల టైముంది. మూడు నెలలు కార్డుకు పోతే, మిగతా పది నెలలు 14 వేల చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టండి. ఆరున్నర శాతం వడ్డీతో దాదాపు 1.44 లక్షలవుతుంది. మధ్యలో బోనస్ వస్తే విమానం టికెట్లకు వాడండి, జూన్, జులైలోనే కొనండి. బోనస్ రాకపోతే కొరత 31 వేలు. అప్పుడు రెండున్నర నెలలు జరిపి డిసెంబరు రెండో వారంలో వెళ్లండి. అప్పు మాత్రం చేయొద్దు.

అక్కడ ఫారెక్స్ కార్డు వాడండి, మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా మార్కప్ (అదనపు చార్జీ) వేస్తాయి. ఫురుకవాకు రైళ్లు తక్కువ, ఆ రాత్రి దాని పక్క ఊరు తకయామాలో గది చూసుకోండి.