తలుపులు బిగించబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఇంటి వడ్రంగి పని సొంతంగా ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గుమ్మాలు, తలుపుల గురించే రాస్తున్నాను. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

గుమ్మం నిలబెట్టే రోజు తొందరపడకు. రెండు నిలువు చెక్కలకూ గుండు (దారానికి వేలాడే బరువు) వేసి ముందు నుంచీ పక్క నుంచీ చూడు. తర్వాత మూల నుంచి మూలకు టేపు పట్టు. రెండు కొలతలూ ఒకటైతేనే మూలమట్టం కుదిరినట్టు. మధ్యలో రెండు మూడు చోట్ల అడ్డచెక్కలు బిగించు, లేకపోతే గోడ కట్టేటప్పుడు ఒత్తిడికి నిలువు చెక్కలు లోపలికి వంగుతాయి. నిలువు కాస్త తప్పినా చాలు, తలుపు ఎక్కడ వదిలితే అక్కడ ఆగదు.

చెక్క సంగతి ఇంకా ముఖ్యం. కోసి చిత్రిక పట్టాక కూడా అది కదులుతూనే ఉంటుంది. తేమకు ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. పొడవులో తేడా దాదాపు ఉండదు, వచ్చేదంతా వెడల్పులోనే. నేను పని చేసిన మొదటి ఇంట్లో మంచి ఎండల్లో తలుపులన్నీ సందు లేకుండా బిగించి మురిసిపోయాను. వానలు పడగానే ఒక్కటీ తెరుచుకోలేదు. టెన్షన్‌లో అంచులన్నీ చిత్రిక పట్టేశాను. మళ్లీ ఎండలు వచ్చేసరికి వేలు దూరేంత సందులు! ఆ ఇంటివాళ్ల ముఖం చూడలేకపోయాను. నువ్వు ఎండల్లో బిగిస్తే పక్కన 3 మిల్లీమీటర్ల సందు వదులు, వానల్లో 2 చాలు.

పానెల్ తలుపైతే, అంటే చట్రం గాడిలో పలక దూర్చే తలుపైతే, ఆ పలకకు జిగురు పెట్టకు. కదలడానికి చోటు లేకపోతే అది చీలిపోతుంది. తలుపు ఎక్కించకముందే పై అంచుకూ కింది అంచుకూ రంగు వేయించు. కనిపించవని వాటిని వదిలేస్తారు గానీ, చెక్క తేమ ఎక్కువగా తాగేది కోసిన కొనల నుంచే. బరువైన తలుపుకు బందులు మూడు వెయ్యి. రెండు చాలంటే నేను ఒప్పుకోను. స్క్రూకు ముందు సన్నగా రంధ్రం చెయ్యి, సుత్తితో కొట్టి దించితే పట్టు ఉండదు.

ఉలి రోజూ సానపట్టు. మొద్దు ఉలిని బలంగా తోస్తాం, జారి చెయ్యి తెగేది అప్పుడే. అరలు, అల్మారాల చెక్కను గోడల తడి పూర్తిగా ఆరేదాకా లోపలికి తేవద్దు.

గుమ్మాలు నిలబెట్టే ముందురోజు ఫోన్ చెయ్యి. వచ్చి గుండు నేను పట్టుకుంటాను.

మీ మామయ్య