పులి, ఎలుగుబంటి లాంటివి అడవిలో ఏం తింటాయో ఎలా తెలుస్తుంది? మాంసం తప్ప ఇంకేమీ ముట్టవా?

మలం కడిగితే తెలుస్తుందండీ. డిగ్రీ చదివేటప్పుడు ఒక వేసవంతా అదే పని చేశాను. అమ్రాబాద్ అడవి బాటల మీద ఏరిన ఎండు మలం సంచుల్లో హైదరాబాద్ తెచ్చేవాళ్లం. సన్న జల్లెడలో వేసి కుళాయి కింద పెడితే మట్టంతా పోయి వెంట్రుకలు, ఎముక ముక్కలు, ఒక్కోసారి గిట్ట చెక్కలు మిగిలేవి. వెంట్రుక అరగదు కదా. అడవిపందిది కంటికే దొరికిపోతుంది: మొద్దుగా ఉంటుంది, కొస చీలి ఉంటుంది. దుప్పిదైతే మైక్రోస్కోపు కింద పెట్టాలి, లోపల తేనెపట్టు గదుల్లా కనిపిస్తుంది. మొదటి వారం నారింజ రంగు వెంట్రుక ఒకటి దొరికితే ఇదేదో కొత్త జంతువని సంబరపడిపోయాను. తీరా చూస్తే పులి ఒళ్లు నాక్కుంటూ మింగిన సొంత వెంట్రుకే! ఇప్పుడైతే హైదరాబాద్ అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లకు లాకోన్స్ అని అంతరించిపోతున్న జంతువుల కోసం పెట్టిన ల్యాబ్ ఉంది, మలంలోంచి డీఎన్ఏ తీసి ఏ జంతువుదో చెప్పేస్తారు.

ఒక మెలిక ఉంది. వెంట్రుకలు ఎక్కువ దొరికాయని ఆ జంతువునే ఎక్కువ తిన్నట్టు కాదు. ఎలుక లాంటి చిన్న ప్రాణికి బరువుతో పోలిస్తే బొచ్చు ఎక్కువ, అందుకే లెక్కలో అది అసలుకన్నా పెద్దగా కనిపిస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. పులి, చిరుత మాంసం మీదే బతుకుతాయి, మధ్యమధ్య కాస్త గడ్డి నములుతాయంతే. వాటికి తీపి తెలియదు కూడా. తీపిని పట్టే జన్యువు పాడైపోయిందని 2005లో పిల్లి, పులి, చీతాల్లో తేల్చారు. ఎలుగుబంటి సంగతి వేరు. జంతుశాస్త్రం దాన్నీ మాంసాహారుల గణంలోనే వేసింది గానీ, అది బతికేది చెదపురుగులు, చీమలు, పళ్ల మీద. దానికి పై ముందుపళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని గాలితో సహా పీల్చేస్తుంది. వేసవిలో ఇప్పపూలు రాలితే ఇక చెట్టు వదలదు. నక్క కూడా రేగుపళ్ల కాలంలో గింజలతో సహా మింగుతుంది.

అడవిదాకా ఎందుకు, మారేడ్‌పల్లిలో మా పిట్టగోడ మీద రోజూ పొద్దున్నే సపోటా గింజలు నిగనిగలాడుతూ వరసగా ఉండేవి. పక్కింటి పిల్లలు ఉమ్ముతున్నారని అమ్మ అనుమానం. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే మానుపిల్లి, అంటే చెట్లెక్కే పునుగుపిల్లి జాతిది! పండు తిని గింజల్ని మలంలో వదిలేది అదే. ఆ గింజల్ని నా జల్లెడలో కడిగి చూపించాను. అది వంటింటి జల్లెడ కాదని అమ్మను నమ్మించడానికి మాత్రం వారం పట్టింది.