బేస్‌మెంట్‌లో సిగ్నల్ రావట్లేదు, ఫెమ్టోసెల్ పెడితే వస్తుందా? (అమెరికా)

వస్తుంది, మీ బ్రాడ్‌బ్యాండ్ బాగుంటే. ఫెమ్టోసెల్ అంటే రౌటరంత ఉండే బుల్లి సెల్ టవర్. బూస్టర్ బయటి సిగ్నల్‌నే పెంచుతుంది. ఇది మాత్రం మీ కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా ఆపరేటర్ నెట్‌వర్క్‌కి చేరుస్తుంది. అందుకే బయట ఒక్క గీత లేకపోయినా పనిచేస్తుంది.

అలాగని డబ్బాను బేస్‌మెంట్‌లో పెట్టకండి. దానికి జీపీఎస్ అందాలి. మీరు 911కి ఫోన్ చేస్తే ఇల్లెక్కడుందో వాళ్లకు తెలియాలి కదా! ఆకాశం కనిపించే కిటికీ పక్కన పెట్టండి, జీపీఎస్ దొరికేదాకా కాస్త ఓపిక పట్టండి.

పాతవి చవగ్గా దొరికాయని కొనొద్దు. ఏటీ అండ్ టీ కంపెనీ ఫెమ్టోసెల్ అయిన 3జీ మైక్రోసెల్ 2022లో 3జీతోపాటే ఆగిపోయింది.

అసలు ముందు ఫోన్‌లో వైఫై కాలింగ్ (ఇంటి వైఫై మీదుగానే కాల్స్ వెళ్లే సదుపాయం) ఆన్ చేసి చూడండి. ఆ సదుపాయం లేని ఫోన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, అప్పుడు ఫెమ్టోసెల్ గురించి మీ ఆపరేటర్‌నే అడగండి.